నిత్యజీవితమున క్రైస్తవ విశ్వాసము



నేటి సాయంకాలము క్రైస్తవుని విశ్వాసము వాని నిత్యజీవితమున నెట్లు కనబడవలెనను విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు రేడియో కేంద్రమువారు నాకు అవకాశమిచ్చిరి. రచ్చబండల యొద్దను, ఇంటి యరుగులపైనను కూర్చుండి వినుచున్న పెద్దలలో క్రైస్తవులు కొందరే యుందురని నేనెరుగుదును. కావున నేను మతబోధ చేయబూనలేదు. నేను బోధకుడను గాను; నలువది యేండ్లు ఒక పల్లెలో ధాన్యమును, బియ్యమును కొలిచి అమ్మిన వర్తకుడను. ఒకని విశ్వాసము వాని పనిలో కనబడుట యనగా నేమి, కనబడకున్న నష్టమెవ్వరికి అను సంగతిని నా యనుభవమునుండియు, మన దేశచరిత్రనుండియు కొన్ని యుదాహరణములతో మనవి చేసెదను.

ఈ విషయమున మొదటనే యొక చిక్కు గలదు. మత్తయి వ్రాసిన సువార్తలో కొండమీది ప్రసంగమని పేరుగాంచిన భాగమున్నది. అందు క్రీస్తు తన శిష్యులను దీపముతో పోల్చి, వెలిగించిన దీపమును ఎవ్వరును కుంచము క్రింద దాచరనెను. ఆ ప్రసంగములోనే కొంతదూరము పోయిన పిమ్మట, ధర్మము చేయువాడు బూర యూదించుకొనరాదనియు, ప్రార్థించువాడు గదిలో తలుపు వేసికొని ప్రార్థింపవలెననియు బోధించెను. ఒకచోట కనబడుమనెను, మరియొకచోట దాగుమనెను. ఇది యెట్లు పొసగును? బాల్యమున నేనీ ప్రశ్న వేయగా మా యుపాధ్యాయుడు ప్రత్యుత్తరమీయక, నీవు పెద్దవాడవైన పిమ్మట తెలియునని మాత్రము చెప్పెను. తెలియుటకు నాకు చాల కాలము పట్టెను. తెలియజేసినవారు పండితులు గారు; ఒక కూలి ముసలమ్మ.

మా తండ్రి చనిపోయిన పిమ్మట మా యన్నయు నేనును కలిసి అంగడి నడుపుచుంటిమి. అంగడిలో రెండు మానికలుండెను. రైతులయొద్ద ధాన్యము కొనునపుడు ఒకటి, బియ్యము అమ్మునపుడు రెండవది వాడుచుంటిమి. చూచుటకు రెండును ఒక్క తీరుననే యుండెను. కాని అమ్మకపు మానిక అడుగు లోపలికి కొంచెము పొంగియుండెను. ఆ పొంగువలన మానికకు ఒక గిద్ద చొప్పున తగ్గును. ఈ మానిక మా తండ్రి కాలమునుండియు ఉన్నదనియు, అన్ని యంగళ్లలోను ఇట్టిదే యుండుననియు నాకు నేను చెప్పుకొనుచుంటిని. ధాన్యము కొలుచునపుడు మొదటి మానికను ఒకటి యనక లాభమనుట మన దేశాచారము గదా. నేనును ప్రతిదినము లాభము, రెండు, మూడు అని గట్టిగా లెక్కించి కొలుచుచుంటిని. ఆ లాభమెవ్వరిదో విచారింపలేదు.

ఆదివారములయందు నేనే ప్రార్థనమందిరమున వాక్యము చదువుచుంటిని. నా కంఠము బాగుండునని అందరును మెచ్చుకొనుచుండిరి. ఒక క్రిస్మసు పండుగనాడు ఆరాధన ముగిసిన పిమ్మట మందిరపు మెట్లమీద కూర్చుండియున్న ఒక ముసలమ్మ నన్ను పిలిచెను. ఆమె క్రైస్తవురాలు గాదు. పండుగ పాటలు వినవచ్చినది. దినమునకొక మానిక చొప్పున మా యంగడిలో బియ్యము కొను మనిషి. ఆమె నన్ను చూచి, "నాయనా, నీ చదువు బాగున్నది, గొంతు బాగున్నది. నీ మానిక మాత్రము ఎన్నడును గుడికి వచ్చినట్టు లేదు" అనెను. కోపముతో ననలేదు. వాన రాలేదని చెప్పినట్లు చెప్పి, కర్ర ఊతగా లేచి పోయెను.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. లెక్క వేసితిని. మానికకు పదునారు గిద్దలు. దినమునకొక గిద్ద తగ్గిన, పదునారు దినములకొక మానిక పోవును. అనగా పదునారు దినములకొకసారి ఆ యింటివారి ఒకనాటి అన్నము నా కొట్టులో మిగులుచుండెను. సంవత్సరమునకు ఇరువదిరెండు మానికలకు పైగా నగును. ఇది ఒక్క యింటి లెక్క. అట్టి యిండ్లు మా యూర ఎన్నియో యుండెను. క్రీస్తు చెప్పిన దీపము పైన కుంచము బోర్లించినవాడెవ్వడో నాకప్పుడు తెలిసెను. ఆ కుంచము నా యంగడిలోనే యుండెను.

మరునాడు ఆ మానికను సమ్మెటతో నలుగగొట్టితిని. మా యన్నకు మిక్కిలి కోపము వచ్చెను. దేవుడు గుడిలో నుండవలెను, వ్యాపారము అంగడిలో నుండవలెను, రెంటిని కలిపిన రెండును చెడునని ఆయన వాదము. ఆయన దుర్మార్గుడు గాడు. పిల్లలు పెద్దవారగుచుండిరి, ఇంట పెండ్లి పెట్టుకొనియుండిరి. చివరకు భాగము పంచుకొని వేరైపోయెను. మూడేండ్లు మా గడప త్రొక్కలేదు. తరువాత రాకపోకలు కలిగెను గాని ఆ మాట మాత్రము మేమిద్దరము మరల ఎన్నడును ఎత్తలేదు. మంచిపని చేసినవెంటనే అందరును సంతోషింతురని చెప్పువారు, ఆ పని చేసి చూచినవారు కారని నా యభిప్రాయము.

లూకా సువార్తలో జక్కయ్య యను సుంకరి కథ యున్నది. అతడు యెరికో పట్టణమున పన్నులు వసూలుచేసి ధనవంతుడైనవాడు. పొట్టివాడగుటచేత క్రీస్తును చూచుటకు మేడిచెట్టెక్కెను. క్రీస్తు వాని యింటికి అతిథిగా పోయెను. జక్కయ్య లేచి నిలిచి, తన యాస్తిలో సగము బీదలకిచ్చెదననియు, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు మరల చెల్లించెదననియు చెప్పెను. ఈ కథలో నాకు మిగుల ముఖ్యముగా తోచిన సంగతి యొకటి యున్నది. లెక్కల పుస్తకము తెరువుమని క్రీస్తు అతనిని అడిగినట్లు సువార్తలో లేదు. అతిథి వచ్చెను, ఇంటివాడు తానే పుస్తకము తెరచెను. విశ్వాసము నిజముగా లోపలికి వచ్చినదో లేదో తెలిసికొనుటకు ఇంతకన్న మంచి గురుతు లేదు. నేను నాలుగంతలు చెల్లింపలేకపోతిని. ఖాతా పెట్టుకొన్న యిండ్లవారి బాకీలలో పదునారవ వంతు కొట్టివేసితిని. చిల్లరగా కొన్నవారి లెక్క నాయొద్ద లేదు; వారి ఋణము నామీద నట్లే నిలిచియున్నది. అది మరచిపోకుండుటయే నేను చేయగలిగినది.

ఇక చరిత్రలోనికి పోవుదము. నేడు ప్రకాశము జిల్లాకు ముఖ్యపట్టణమైన ఒంగోలునకు 1866వ సంవత్సరమున జాన్ ఎవరెట్ క్లౌ అను అమెరికా బాప్టిస్టు మిషనరీ వచ్చి కాపురముండెను. ఆ ప్రాంతమున మొదట క్రైస్తవులైనవారిలో యెర్రగుంట్ల పేరయ్య ముఖ్యుడు. ఆయన మాదిగ కులస్థుడు, తోళ్ల వర్తకుడు. బేరమునకై ఊరూర తిరుగువాడగుటచేత ఆయన నమ్మిన సంగతియు ఆయన వెంట ఊరూర తిరిగెను. ఈ క్రొత్త క్రైస్తవులు మూడు నియమములు పెట్టుకొనిరి: ఆదివారమున పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వినుటకివి చిన్న నియమములు. కాని పల్లె వ్యవహారములో నివి ఎంత కలవరము పుట్టించెనో పెద్దలు ఊహింపగలరు. కోతలకాలమున ఆదివారము పాలేరు రాకున్న రైతు గతి యేమి? జాతరలో డప్పు మ్రోగకున్న ఊరి గతి యేమి? పలుచోట్ల గ్రామాధికారులు వారిని బెదరించిరి, పనులు మాన్పించిరి. ఆ దినములలో మీ తాతలు కొందరు ఒక ప్రక్కను, మా తాతలు కొందరు మరియొక ప్రక్కను నిలిచియుందురు. నేను దానిని తగవుగా నెత్తుటలేదు. అక్షరజ్ఞానములేని బీదవారు కూలి పోయినను, కడుపు మాడినను తమ నియమమును విడువకపోయిరి. వారి విశ్వాసమేమో ఊరికి తెలిసినది వారి మాటలవలన గాదు, ఆ నిలుకడవలన.

పిమ్మట 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమున మహాక్షామము వచ్చెను. సర్కారువారు కరవుపనిగా బకింగుహాము కాలువను త్రవ్వించుచుండిరి. సముద్రతీరము వెంబడి చెన్నపట్నమునకు పడవలు నడచుటకై యేర్పడిన కాలువ యది. క్లౌ తన యౌవనమున అమెరికాలో భూములు కొలుచు సర్వేపని నేర్చినవాడు. ఆ విద్య యప్పుడక్కరకు వచ్చెను. ఆయన మూడున్నర మైళ్ల కాలువను కంట్రాక్టునకు పుచ్చుకొని, ఆకలిగొన్న వేలకొలది జనమునకు అచ్చట పని కల్పించెను. ఆయన వెంటనున్న తెలుగు బోధకులే ఒక్కొక్క గుంపునకు మేస్త్రీలై మట్టిపని చేయించిరి. వాక్యము చెప్పువాడే గడ్డపార పట్టించి, కొలతలు చూచి, కూలి లెక్క వ్రాసెను.

ఆ కాలమున బాప్తిస్మము కోరి వచ్చినవారు అసంఖ్యాకులు. క్లౌ మాత్రము కరవు తీరువరకు ఎవ్వరికిని ఈయననెను. ఇంచుమించు పదునైదు మాసములు ఒక్కరికైనను బాప్తిస్మమీయలేదు. సాయము ముగిసి, కూలిపని యాగిన పిమ్మట వారు మరల వచ్చిరి. అప్పుడు 1878 జూలై 3వ తేదీన ఒంగోలునకుత్తరమున వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మమీయబడెను. ఆ మూడు దినములలో మొత్తము 3,536 మంది. మిషను చరిత్రలు వ్రాసినవారందరు ఈ సంఖ్యలనే గొప్పగా చెప్పుదురు. నాకు మాత్రము ఆ పదునైదు మాసముల నిరాకరణమే గొప్పగా తోచును. ఆకలినాటి యుపకారము వారి మనస్సులను కదలింపలేదని నేననను. మనుష్యులు ఉపకారమును మరువరు. ఐనను అన్నమును ఒక చేతను, మతమును మరియొక చేతను పట్టుకొని బేరమాడరాదని ఆ మనుష్యుడు గ్రహించెను. పెట్టిన యన్నమునకు ప్రతిఫలము కోరిన, అది అన్నము గాక ఎర యగును. విశ్వాసము కనబడవలెను గాని వలగా కనబడరాదు.

మరియొక యుదాహరణము దోర్నకల్లునుండి చెప్పెదను. నేటి తెలంగాణములోని ఆ యూరికి 1909వ సంవత్సరమున తిరునెల్వేలి జిల్లానుండి వేదనాయకము శామ్యూలు అజరయ్య యను తమిళ సోదరుడు వచ్చెను. ఆయనకప్పుడు తెలుగు రాదు. నేర్చికొని, పల్లెలు తిరిగి, 1912 డిసెంబరు 29వ తేదీన దోర్నకల్లు బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికన్ సంఘములో బిషప్పు పదవి పొందిన మొదటి భారతీయుడాయనయే. 1945 జనవరి 1వ తేదీన చనిపోవువరకు అచ్చటనే పనిచేసెను. మురికి, రోగము, ఋణము, మద్యము అను నాలుగింటిని పల్లెను పట్టిన దయ్యములని ఆయన చెప్పుచుండెను. ప్రార్థన నేర్పినంత శ్రద్ధతో ఇల్లు శుభ్రముగా నుంచుకొనుటను, అప్పు చేయకుండుటను నేర్పించెను.

ఆ మండలములో పిడికెడు బియ్యమను ఆచారము వ్యాపించెను. ఇంటి యిల్లాలు వంటకు బియ్యము తీయునపుడెల్ల ఒక పిడికెడు వేరు కుండలో వేయును. ఆదివారమున ఆ కుండను మందిరమునకు తెచ్చును. ఆ బియ్యము సంఘపు ఖర్చులకు పోవును. కూలిచేసి బ్రతుకువారికి రొక్కమెక్కడిది? కాని పిడికెడు బియ్యమున్నది. ఈ కానుక గొప్పతనము బియ్యములో లేదు. దినమునకు రెండుమారులు, పొయ్యి ముందర, ఎవ్వరును చూడనివేళ, ఆకలిగానున్న తన పిల్లల యెదుట ఆ తల్లి తన దేవుని తలచుకొనును. నేను మొదట చెప్పిన చిక్కు ఇచ్చట విడిపోవుచున్నది. దీపమును చూడుడని యెవ్వరును దీపము పెట్టరు. వంటకొరకు, పిల్లల చదువుకొరకు పెట్టుదురు. దీపము తన్ను గూర్చి యేమియు చెప్పదు. తన చుట్టునున్న వస్తువులను చూపును. పిడికెడు బియ్యము వేయునపుడు ఆమె బూర యూదలేదు. ఐనను దానివలన నడచిన బడి ఊరందరికి కనబడెను.

1920వ సంవత్సరము తరువాత ఆ మండలములో రైతు కులములవారు కూడ కొందరు క్రైస్తవ సంఘములో చేరసాగిరి. కారణమడుగగా, మా పాలెములోని మాలమాదిగల నడవడి మారుట మేము కన్నులార చూచితిమని చెప్పినవారు అనేకులుండిరి. త్రాగుడు మానిరి, కొట్లాటలు తగ్గెను, పిల్లలు బడికి పోయిరి. పొరుగువాని కన్నులు చదువు పుస్తకమొక్కటియే. అది మన నడవడి.

ఇంతవరకు వినిన పెద్దలలో నొకరు ఇట్లు ప్రశ్నింపవచ్చును: సరిగా కొలుచుటకు క్రైస్తవుడు గావలెనా? ఈ ప్రశ్న న్యాయమైనది. అక్కరలేదు. మా యూరిలో అందరికన్న నిజమైన తక్కెడ ఒక కోమటి పెద్దదై యుండెను. ఆయన ప్రతి సంక్రాంతికి తన రాళ్లను తానే తూచి చూచుకొనుచుండెను. నా మానిక పగులగొట్టిన పిమ్మట కొలత సరిచూచుకొనుటకు నేనాయన యొద్దకే పోతిని. సత్యము ఏ మతమువారికిని ఇనామిచ్చిన భూమి గాదు. క్రైస్తవునికి ఇతరులకన్న హక్కేమియు ఎక్కువ లేదు, ఋణము మాత్రమెక్కువ. తన తప్పులు క్షమింపబడెనని ప్రతి ఆదివారము నోటితో చెప్పుకొనువాడు సోమవారమునాడు బాకీదారు నెట్లు నిలదీయునో లోకము చూచును. చూచుట న్యాయమే.

మాలో నున్న లోపమును గూడ దాచక చెప్పుట ధర్మము. ఒక్క పాత్రలోనిది త్రాగి, ఒక్క తండ్రి బిడ్డలమని పలుకు మా సంఘములలోనే మాల, మాదిగ, రైతు అను భేదములు పలుచోట్ల నిలిచెను. బల్లయొద్ద కలిసినవారు పెండ్లి సంబంధమునొద్ద విడిపోవుదురు. శ్మశానమున గూడ గోడ కట్టుకొన్న యూళ్లు గలవు. పొరుగువాడు దీనిని చూచుటలేదని మేమనుకొన్న యెడల, అది నా పొంగుడు మానికవంటిదే. మందిరమున నెంత చక్కగా చదివినను, ఈ మానిక నలిగినగాని మా సాక్ష్యము పూర్తి గాదు.

కావున నా తోడి క్రైస్తవులకు నేను మనవి చేయునది స్వల్పము. కూలివాని కూలి ప్రొద్దుగూకకమునుపు చేతిలో పెట్టుడు. పంచాయతీలో సాక్ష్యమునకు పిలిచిన, మనవాడని చూడక నిజము చెప్పుడు. అప్పు తీర్చు దినమును అప్పిచ్చినవాడు జ్ఞాపకము చేయకమునుపే జ్ఞాపకముంచుకొనుడు. ఇంటనున్న కోడలిని, పనివానిని పిలుచు పిలుపులో మర్యాద నుంచుడు. ఆ పిలుపు వీధిలోనికి వినబడును. పగవాని గొడ్డు బావిలో పడిన, మొదట త్రాడు పట్టుకొని పోవువారు మీరే కండు. ఇవి చేసితిమని యెవ్వరితోను చెప్పకుడు. ఇతర మతములవారైన పెద్దలకు నా మనవి మరియొకటి. మీ యూరి క్రైస్తవుడు మాట యొకటి చెప్పి పని యొకటి చేసినయెడల, ఆ ముసలమ్మవలె నెమ్మదిగా వానితో చెప్పుడు. అది వానికి మీరు చేయు మహోపకారము.

ఆ ముసలమ్మ సంగతి చెప్పి ముగించెదను. మానిక మారిన పిమ్మట ఆమె కొన్ని నెలలు నా యంగడికి రాలేదు. తరువాత వచ్చి, కొలుచుచుండగా మానికలోనికి వంగి చూచి, ఏమియు ననక బియ్యము కొంగున కట్టుకొని పోయెను. అట్లు చాల దినములు చూచెను. నేను నొచ్చుకొనలేదు, చూచు హక్కు ఆమెకు గలదు. ఒకనాటి సాయంకాలము ఆమె మనుమరాలు, ఆరేండ్ల పిల్ల, గుప్పిట డబ్బులు బిగించుకొని ఒంటరిగా వచ్చి, అవ్వ బియ్యము తెమ్మన్నదనెను. పసిపిల్లను పంపిన అంగడి యను మాట మనలో నున్నది గదా. ఆ దినము నేను బియ్యము కొలుచునపుడు లాభమని లెక్కించుటకు నాకు గొంతు పెగలలేదు. మౌనముగా కొలిచి, మూట కట్టి, వీధి మలుపువరకు ఆ పిల్లవెంట నడచి వచ్చితిని.